ఆఖరి బుక్క ఎవరి కోసం?

మన ఇళ్లలో పసివాడు అన్నం తిని కక్కుకుంటే ముందుగా వచ్చే ప్రశ్న “ఎందుకు కక్కిండు?” కాదు, “ఎంత పోయింది?”. పాలు పోయినయా, పప్పన్నం పోయిందా, అంతా పోయిందా, సగమేనా. లెక్క తేలీ తేలకముందే రెండో మాట: “మల్ల పెట్టు, ఖాళీ కడుపుతోని పండుకుంటడా?” తుడిచిన నేల ఆరకముందే గిన్నె మళ్లీ వస్తుంది.

మా చెల్లెది పరకాల దగ్గర ఊరు. దాని కొడుకుకు రెండేళ్లు దాటాయి. మొన్న ఎండాకాలం వాళ్లు హన్మకొండలో మా ఇంట్లో ఉన్నన్ని రోజులూ ఈ తంతు దగ్గరుండి చూశాను. ఇంట్లో అప్పటికే రెండు పార్టీలు. చెల్లె వాళ్ల అత్తమ్మ “పిలగానికి లోపలేదో ఉన్నది, పెద్ద దవాఖానల చూపియ్యాలె” అంటుంది. మా మరిది “ఏం లేదు వదినా, వట్టి నకరాలు” అని కొట్టిపారేస్తాడు. రోగం అంటే మందు కావాలి, నకరాలు అంటే దెబ్బ కావాలి. పిల్లాడు రెండింటి మధ్య నలుగుతున్నాడు.

నా వాదన ఏమిటంటే, ఎదుగుదల బాగానే ఉండి, పగలంతా ఆడుకుంటూ, అన్నం దగ్గర మాత్రమే కక్కే పిల్లల విషయంలో చాలాసార్లు ఈ రెండు పార్టీలూ తప్పే. చాలు అని పిల్లాడు చెప్పిన తర్వాత మనం పెట్టే ఆ నాలుగు బుక్కల వల్లే చాలా మటుకు ఆ కక్కుడు. ఆ బుక్కలు పిల్లాడి ఆకలి కోసం పెట్టేవి కావు, మన మనసు నిమ్మళం కావడానికి పెట్టేవి. నిజంగా రోగం ఉండే సందర్భాలు లేవని అనను, వాటి సంగతి కిందికి వచ్చాక చెప్తాను.

రాత్రి పూట ఏం జరిగేదో చూడండి. ఏడున్నరకు ఒక సీసా పాలు, దాదాపు 200 మిల్లీలీటర్లు. ఎనిమిదికి అన్నం. అన్నం, పప్పు, నెయ్యి కలిపి మిక్సీలో మెత్తగా తిప్పి పెద్ద గిన్నెలో తెస్తారు. పిల్లాణ్ని ఒళ్లో వెనక్కి వాల్చి, ఎదురుగా ఫోన్‌లో పాటలు పెడతారు. నోరు తెరిచినప్పుడల్లా ఒక బుక్క పోతుంది. కొంతసేపటికి వాడు మొహం తిప్పుతాడు. పాట మారుస్తారు. పెదవులు బిగిస్తాడు. “ఆ కాకి తింటది సూడు” అంటారు. చేత్తో తోసేస్తాడు. ఒకరు చేతులు పట్టుకుంటారు. ఏడుస్తాడు, ఏడ్చినప్పుడు నోరు తెరుచుకుంటుంది కదా, ఇంకో బుక్క పోతుంది. అప్పుడు ఓకరింపు, ఆ వెంటనే మొత్తం బయటికి.

ఇక్కడ కొంచెం లెక్క వేద్దాం. పసిపిల్లల కడుపు ఎంత పడుతుందన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే కొలత కిలో బరువుకు 30 గ్రాములు. పది కిలోల పిల్లాడికి 300 గ్రాములన్న మాట. అరగంట ముందు తాగిన పాలు ఇంకా చాలావరకు కడుపులోనే ఉంటాయి. మిగిలింది చిన్న కటోరీ అన్నానికి సరిపడా చోటు. మనం తెచ్చింది పెద్ద గిన్నె. ఏడాది నుంచి రెండేళ్ల మధ్య పిల్లలకు పూటకు ముప్పావు కప్పు నుంచి ఒక కప్పు దాకా, అదీ 250 మిల్లీలీటర్ల కప్పుతో, రోజుకు మూడు నాలుగు పూటలు, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి. ఇది అదే సంస్థ చెప్పిన అంచనా. అందరు పిల్లలూ కప్పు నిండా తినాలని దాని అర్థం కాదు. దాంతోపాటు, ఏడ్చే పిల్లాడు గాలి మింగుతాడు, దగ్గితే పొట్ట కండరాలు కడుపును నొక్కుతాయి.  చేతులు పట్టుకుని, ఏడిపించి, వెనక్కి వాల్చి పెడితే అన్నం పైకి రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

అత్తమ్మకు ఇంకో దిగులు కూడా ఉండేది. “యాడాది పిల్లగాడప్పుడు మంచిగ తినెటోడు, ఇప్పుడే గిట్లయిండు.” ఈ మాట నేను ఎన్ని ఇళ్లలో విన్నానో. ఏడాది దాటాక ఆకలి తగ్గడం పిల్లల ఒంటి లెక్క. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ మొదటి పుట్టినరోజుకు దాదాపు తొమ్మిది కిలోలకు వస్తాడు, అంటే ఆరు కిలోలు పెరిగాడు. రెండో ఏడాదిలో పెరిగేది అందులో సగం కూడా ఉండదు. పెరిగే వేగం పడిపోతే ఆకలి కూడా పడిపోతుంది. పైగా నడక వచ్చింది, కుర్చీ ఎక్కడం వచ్చింది, పక్కింటి కోడిపిల్లల వెంట పరుగెత్తాలి. అన్నం ముందు కూర్చోవడం కంటే పెద్ద పనులు వాడికి చాలా ఉన్నాయి. మనం మాత్రం మొదటి ఏడాది లెక్కనే పట్టుకుని గిన్నెను ఏటేటా పెద్దది చేస్తాం.

మిక్సీ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే కక్కుడులో సగం పాపం దానిదే అని నాకు అనిపిస్తుంది. ఓకరింపు అంటే ముద్ద గొంతుకు అడ్డం పడకుండా ఒళ్లు చేసుకునే కాపలా. ఆరో నెలలో, కొత్తగా అన్నం ముట్టించినప్పుడు, ఆ కాపలా నాలుక మీద బాగా ముందుకే ఉంటుంది. కొంచెం ముద్ద తగిలినా పిల్లలు ఓకరిస్తారు, మొహం ఎర్రబడుతుంది, చప్పుడు చేస్తారు, ముద్దను బయటికి తోసేస్తారు. నెలలు గడిచేకొద్దీ, పలుకులున్న తిండి నాలుకకు అలవాటయ్యేకొద్దీ, ఆ చోటు వెనక్కి జరుగుతుంది. మనం ఏం చేస్తాం? మొదటిసారి ఓకరించగానే భయపడి మిక్సీ తీస్తాం. రెండేళ్లు వచ్చినా ఆ మిక్సీ అటక ఎక్కదు. నమలడం నేర్వని నోటికి ఒకరోజు పెళ్లి విందులో మామూలు అన్నం పెడితే ఒక్క మెతుకు కూడా రాయిలా తగులుతుంది. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ చుట్టుపక్కల 1991–92లో పుట్టిన వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. పలుకులున్న తిండి పదో నెల దాటాక మొదలుపెట్టిన పిల్లల్లో, ముందే మొదలుపెట్టిన వాళ్లకంటే తిండి దగ్గర ఇబ్బందులు ఎక్కువ కనిపించాయి. మా బుడ్డోడు మిక్సీ అన్నం మింగేవాడు, వేళ్లతో మెదిపిన అన్నానికి ఓకరించేవాడు, కాని తనంతట తాను సర్వపిండి ముక్క కొరికి గంటసేపు చప్పరించేవాడు. అది ఎవరూ తినిపించింది కాదు కదా, దాని జోలికి ఓకరింపు రాలేదు.

అడ్డం పడడం వేరు, ఓకరించడం వేరు. ఓకరించే పిల్లాడికి గొంతు వస్తుంది, దగ్గు వస్తుంది. నిజంగా అడ్డం పడితే చప్పుడే ఉండదు, ఊపిరాడదు, పెదవులు నీలంగా మారతాయి. ఏడాది లోపు బిడ్డయితే వెంటనే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేట్టు పడుకోబెట్టి, భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు వేయాలి. తగ్గకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఐదు నొక్కులు. ఈలోగా ఒకరు 108కి ఫోన్ చేయాలి. పుట్నాలు, పల్లీలు, కోయని ద్రాక్షపండ్లు నాలుగైదేళ్ల దాకా పిల్లల చేతికి ఇవ్వకూడదు. మన దగ్గర బస్టాండ్‌లో పుట్నాల పొట్లం చేతిలో పెట్టి ఏడుపు ఆపడం మామూలు, అందుకే ఇంతగా చెప్తున్నా.

ఇక మందులు. కక్కుడుకు ఒక సిరప్, ఆకలికి ఇంకో టానిక్. మెడికల్ షాపులో అడిగితే చాలు, చీటీ కూడా అక్కర్లేదు. ఆకలి మందు పేరుతో అమ్మే సిరప్‌లలో చాలావాటిలో ఉండేది సైప్రోహెప్టడిన్. అది అసలు అలర్జీ మందు. ఆకలి పెరగడం, మత్తు రావడం దాని పక్క ప్రభావాలు. డాక్టర్ పిల్లాణ్ని చూసి రాస్తే అది వేరే సంగతి. కాని కడుపు నిండిన పిల్లాడికి ఇంకా ఆకలి పుట్టించాలని షాపులో కొనుక్కునే మందును వైద్యమని నేను ఒప్పుకోను. అదే దిష్టి తీస్తే మాత్రం నాకు పేచీ లేదు. ఉప్పు, ఎండుమిర్చి తిప్పి పొయ్యిలో వేసేంత సేపైనా పిల్లాడి నోట్లో ఎవరూ ఏమీ పెట్టరు కదా.

పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. తల్లీబిడ్డల కార్డు అడిగి బరువు గీత చూశారు. అది పచ్చ పట్టీలోనే, అంటే వయసుకు తగ్గ బరువులోనే ఉంది, పైకే పోతోంది. తర్వాత అడిగింది ఒక్కటే: “ఏ టైములో కక్కుతడు, ఎవరు తినిపిస్తే కక్కుతడు?” ఆ రెండో ప్రశ్నకు చెల్లె తలదించుకుంది. అది దానికి నేరంలా వినిపించింది.

ఇక్కడే నాకు కోపం వచ్చేది. పిల్లాడి బరువును మన సమాజం తల్లికి వేసే మార్కులుగా చూస్తుంది. ఏ ఫంక్షన్‌కు పోయినా మొదటి మాట “గిట్ల బక్కగయిండేంది, ఏం తింటలేడా?” అని. అడిగేది ఎవరినంటే తల్లినే. తండ్రిని ఎవరూ అడగరు. మా మరిది రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరి, “తిన్నడా?” అని ఒక్క ముక్క అడిగి స్నానానికి పోయేవాడు. ఆ ముక్కకు “తిన్నడు” అనే జవాబు సిద్ధం చేయడానికి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా యుద్ధం. “అక్కా, తినకుంటే నన్నే అంటరు, నేనేం జేయాలె?” అని చెల్లె అడిగినప్పుడు, బలవంతం చేయకు అని సలహా ఇవ్వడం ఎంత తేలికో, ఆ ఇంట్లో ఆ సలహాతో బతకడం ఎంత కష్టమో నాకు తెలిసింది. గిన్నె ఖాళీ కావాలన్నది ఆమె మొండిపట్టు కాదు, చుట్టూ ఉన్నవాళ్లు పెట్టిన పరీక్ష.

అయితే “పిల్లలు ఆకలేస్తే వాళ్లే తింటారు, వదిలేయండి” అనే వాళ్లతో కూడా నేను కలవను. ఆ మాట నగరాల్లో, ఫ్రిజ్ నిండా ఉన్న ఇళ్లలో చెల్లుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు, 31.8 శాతం మంది వయసుకు తగ్గ బరువు లేరు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత. అంటే మన అత్తమ్మల భయం గాల్లోంచి ఊడిపడలేదు. బరువు నిజంగా తక్కువున్న పిల్లాడికి తిండి పెంచాల్సిందే. కాని పెంచేది ఒక్కో పూట గిన్నెను కాదు, పూటల్ని, గిన్నెలో ఉన్న సారాన్ని. పల్చటి చారుతో అన్నం కడుపు నింపుతుందే గాని బలమివ్వదు. అదే చిన్న కటోరీలో గట్టి పప్పు, చెంచా నూనె లేదా నెయ్యి, అర గుడ్డు, నువ్వుల పొడి, పల్లీల పొడి కలిపితే తక్కువ చోటులో ఎక్కువ బలం. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా నెలకు 2.5 కిలోల బాలామృతం పిండి ఇస్తారు. దాన్ని జావలా కాకుండా గట్టిగా కలిపి పెట్టవచ్చు. చాలా ఇళ్లలో అది పెద్దవాళ్ల లడ్డూలైపోతుంది, అది వేరే పంచాయితీ.

పాలు కూడా అంతే. ఏడాది దాటాక రోజుకు అర లీటరు మించితే అన్నానికి చోటుండదు. ఆవు, బర్రె పాలలో ఇనుము చాలా తక్కువ కాబట్టి రక్తహీనత కూడా పెరుగుతుంది.

ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నది పెద్దలు తేల్చాలి. ఎంత తినాలి, తినాలా వద్దా అన్నది పిల్లాడు తేల్చాలి. అమెరికాలో క్లారా డేవిస్ అనే పిల్లల డాక్టర్ అప్పుడే పాలు మాన్పిన పిల్లల ముందు ముప్పైకి పైగా రకాల తిండి పెట్టి, ఎవరూ బలవంతం చేయకుండా వాళ్లు ఏం తింటే అది తిననిచ్చింది. మొదటి ఫలితాలు 1928లో, 15 మంది పిల్లల మొత్తం సంగతి 1939లో ప్రకటించింది. ఒక్కో పిల్లాడు ఒక్కో విధంగా, ఒక పూట ఎక్కువ, ఇంకో పూట తక్కువ తిన్నాడు, కాని అందరూ బాగానే పెరిగారు. ఈ ప్రయోగాన్ని ఎత్తిచూపి “పిల్లల ఇష్టం” అనేవాళ్లు ఒకటి మరిచిపోతారు. ఆమె పెట్టిన వాటిలో చక్కెర గాని, ప్యాకెట్ తిండి గాని లేదు. జాబితా పెద్దలది. కుర్‌కురే ప్యాకెట్ చేతిలో పెట్టి ఎంత తింటాడో వాడి ఇష్టం అంటే అది ఈ పద్ధతి కాదు.

మా ఇంట్లో చేసింది పెద్ద విశేషమేమీ కాదు. సాయంత్రం పాలు అయిదున్నరకు జరిగాయి. ఫోన్ పోయింది. దానికి మొదట్లో ఇల్లు దద్దరిల్లింది, నిజమే. అందరితోపాటు చాప మీద కూర్చోబెట్టి, వాడి చిన్న పళ్లెంలో వాడి చేతికి వదిలేశాం. కింద పడింది పడింది. మొదటిసారి మొహం తిప్పితే ఒకసారి అడిగి ఊరుకున్నాం, రెండోసారి తిప్పితే పళ్లెం తీసేశాం. అరగంట దాటనివ్వలేదు. కక్కుకుంటే వెంటనే మళ్లీ పెట్టలేదు, నోరు కడిగి కొంచెంసేపు ఆగి రెండు గుక్కల నీళ్లు ఇచ్చాం, అంతే. కక్కుడు ఒక్కసారిగా ఆగిపోయిందని చెప్పను. జలుబు చేసి దగ్గు వస్తే ఇప్పటికీ కఫంతో పాటు అన్నం వస్తుంది. రోజూ రాత్రి జరిగే ఆ తంతు మాత్రం తగ్గింది.

ఇదంతా కార్డులో గీత పచ్చగా ఉన్న పిల్లాడి సంగతి. వాంతి ఆకుపచ్చ పసరు రంగులో వచ్చినా, రక్తం గాని కాఫీ పొడి లాంటిది గాని కనిపించినా, కడుపు ఉబ్బి గట్టిపడినా, ఉచ్చ తగ్గినా, పిల్లాడు మత్తుగా వాలిపోతున్నా, తలకు దెబ్బ తగిలిన తర్వాత కక్కినా ఆ రాత్రే దవాఖానకు పోవాలి. పుట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల లోపు బిడ్డ తాగిన ప్రతిసారీ పాలు దూరంగా చిమ్మేట్టు కక్కి, వెంటనే మళ్లీ ఆకలని ఏడిస్తే, కడుపు కింది దారి కండరం మందమై మూసుకుపోతుండవచ్చు. దానికి ఆపరేషన్ కావాలి, ఆలస్యం పనికిరాదు. తెల్లవారుజామున లేవగానే తలనొప్పితో కక్కడం, బరువు గీత నెలల తరబడి పడుకోవడం, ముద్ద మింగినప్పుడల్లా దగ్గు రావడం, ముద్ద గొంతులోనే ఆగిందని ఏడవడం, ఇవి కూడా నకరాలు కావు. పాల అలర్జీ, అన్ననాళంలో అలర్జీ వాపు, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఇలా చాలా కారణాలుంటాయి. ఇంట్లో అందరూ మరిచిపోయే కారణం మలబద్ధకం. విరేచనాలతో పాటు వాంతులు మొదలైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో లీటరుకు సరిపడే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి చెంచా చెంచా తాగించాలి. సగం ప్యాకెట్ గ్లాసులో కలిపి ఇస్తే మేలు కాదు, కీడు.

అత్తమ్మ మాత్రం నాతో ఇంకా ఒప్పుకోలేదు. “నేను నలుగురిని సాదిన బిడ్డా, ఎవ్వలు గిట్ల కక్కలే” అంటుంది. ఎట్ల పెట్టినవు అత్తమ్మా అని అడిగాను. పొద్దున నాట్లకు పోయేటప్పుడు మక్క గటక, పచ్చిపులుసు గిన్నెల్లో పోసి పోయేదట. పిల్లలు వాళ్లే తినేవారు, పెద్దది చిన్నదానికి పెట్టేది. మిక్సీ లేదు, ఫోన్ లేదు, ఒక్కో పిల్లాడి ఎదుట గంటసేపు కూర్చునే తీరిక ఏ తల్లికీ లేదు. “మరి నేను చెప్పేది అదే కదా” అన్నాను గెలిచినట్టు. ఆమె నవ్వలేదు. “అప్పుడు ఎక్కువ పెడ్దామంటే ఇంట్ల లేకుండె బిడ్డా. ఇప్పుడున్నది, పెట్టొద్దంటవా?”

ఆ మాటకు లెక్కలతో, సర్వేలతో జవాబు చెప్పలేం. అందుకే వాదన మానేసి కార్డు ఆమె చేతికే ఇచ్చాం. నెలనెలా అంగన్‌వాడీకి పిల్లాణ్ని ఎత్తుకుపోయి బరువు తూకించేది ఇప్పుడు ఆమే. గీత పైకి పోయిన నెల ఏ గొడవా లేదు. వంద గ్రాములు కూడా పెరగని నెల మాత్రం నాకు ఫోన్ వస్తుంది, మీ చెల్లెకు నేర్పింది నువ్వే కదా అని.